కోపంతో నాటిన మిరప

మిరప నారు నాటేవాళ్ళకి ఒళ్ళు మండుతూ ఉండాలి. లేకపోతే కాయకి కారం పట్టదు. లోమా సేకా కొండ మీద ఈ మాట కాదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. శాంతంగా కూనిరాగాలు తీస్తూ నాటినవాడి చెట్టుకి కాసేవి మిరపకాయలు కావు, ఎర్రరంగు పూసుకున్న గడ్డిపరకలు. అందుకే ఆ కొండ మీద ఏ ఇల్లాలైనా మొగుడి మీద అలిగితే "ఆ కోపం ఊరికే పోనివ్వకే, నాలుగు మొక్కలు నాటుకో" అంటారు.

ఇంత తెలిసిన ఊళ్ళో, పోయి పోయి మొన్సెరాతె లాంటి మనిషికి కారం సీసాలు అమ్ముకుని బతకమని రాసిపెట్టాడు దేవుడు. అందరూ మొన్సా అనే పిలిచేవారు. ఆవిడకి కోపమంటే ఏమిటో తెలీదు. కోడి వచ్చి పళ్ళెంలో ముక్కు పెట్టినా "దానికీ ఆకలేగా" అనే రకం. పందొమ్మిదో ఏట బెలార్మినోని చేసుకుని ఆ ఇంట అడుగుపెట్టింది. వచ్చిన ఏడాదే అత్తగారు మిరప నారు చేతిలో పెట్టి నాటమంది. కాయలు కాశాయి, సీసాల్లో పడ్డాయి, పదిహేను రోజులు కిటికీలో ఎండకి ఊరాయి. తీరా అన్నం మీద చల్లుకుంటే సీసా సగం అయింది గాని ఒక్కళ్ళకీ ముక్కు చెమర్చలేదు. "మంచి కోడల్నే తెచ్చుకున్నాం, చర్చి ఊడవడానికి పనికొస్తుంది" అంది అత్తగారు. ఆవిడ నోటినుంచి అంతకంటే పెద్ద తిట్టు రాదు.

ఆ కొండ మీది ఇళ్ళలో కూర కుండలో ఎవరూ కారం వెయ్యరు. అన్నం, ఎర్ర చిక్కుళ్ళు, ఉడకబెట్టిన పచ్చి అరటికాయ, ఎండు చేప, దుంపల పులుసు, అన్నీ చప్పగానే పొయ్యి దిగుతాయి. కారమంతా బల్ల మధ్యన సీసాలో ఉంటుంది. ఎవరి పళ్ళెం వాళ్ళది, ఎవరి ఓపిక వాళ్ళది. పికే అంటారు దాన్ని. కడిగిన పాత రమ్ము సీసా, నిండా ఆకాశంకేసి కాసే సన్న మిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిరియాలు, అనాస తొక్కలు నానిన నీళ్ళు, ఆపైన వెనిగర్. సగానికి దిగినప్పుడల్లా మళ్ళీ వెనిగర్ పోస్తూ పోవాలి. సీసా అడుగు కనపడనిచ్చిన ఇంట్లో మనుషులు నిలవరని పెద్దవాళ్ళు చెప్పేవారు.

రెండో ఏడు వచ్చింది. కాండెలారియా పండగ నాడు కొండంతా మంటలు వేస్తారు. ఆ బూడిద చల్లారిన మర్నాడు పొద్దున్నే నారు నాటడం ఆనవాయితీ. మొన్సా నారు బుట్ట చంకనేసుకుని బయల్దేరుతుంటే బెలార్మినో గుమ్మానికి అడ్డంగా నిలబడి, మీ అమ్మ కాచే పులుసు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుందన్నాడు. ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు. మీ నాన్న ఆ పులుసు తినలేకే అంత తొందరగా పోయాడన్నాడు. అంతే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొన్సాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కో మొక్కనీ మొగుడి గుండెల్లో గుచ్చినట్టు గుచ్చింది భూమిలో. చివరి మొక్కకి మట్టి అదిమి నడుం ఎత్తేసరికి వంటింట్లోంచి కాఫీ వాసన. బెలార్మినో రెండు కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందిగా, ఇంక చాల్లే. రా, కాఫీ తాగు. మీ అమ్మ పులుసు బంగారం" అన్నాడు.

ఆ ఏడు సీసా మూత తియ్యగానే అత్తగారు దగ్గింది. రెండు చుక్కలకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ కోడలి మంచితనం ఊసెత్తితే ఒట్టు.

ఇక అప్పట్నుంచి ముప్పై ఎనిమిదేళ్ళు, ఏటా ఒక్క పోట్లాట. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ ఆ ఇంట్లోంచి గట్టిమాట వినపడేది కాదు. పిల్లలు కలగలేదు. దానికి కూడా ఒకర్నొకరు ఒక్క మాట అనుకోలేదు. ఆ పోట్లాటకి మాత్రం కట్టుబాట్లు ఉండేవి. బెలార్మినో ఏం ఎత్తుకోబోతున్నాడో ఆవిడకి ముందు తెలియకూడదు. నాటడం మొదలుపెట్టాక చివరి మొక్క భూమిలో పడేదాకా ఆవిడ వెనక్కి తిరక్కూడదు, ఎవరు పిలిచినా పలక్కూడదు. తిరిగితే కోపం చల్లారిపోతుంది, పలికితే కారం జారిపోతుంది. ఆ తర్వాత కాఫీ, మాటల్ని వెనక్కి తీసుకోవడం.

అతను మహా గడుసువాడు. ఒక ఏడు ఆవిడ చర్చికి వేసుకెళ్ళే చెప్పులు పందులకి పడేశానన్నాడు. ఒక ఏడు పోన్సే పట్నంలో తనకి ఇంకో సంసారం ఉందన్నాడు. ఒకసారైతే కాలు బెణికిందని మంచం దిగకుండా మూలిగి, ఎరువు తట్టలన్నీ ఆవిడ చేత మోయించి, చివరి మొక్క పడగానే కప్పులు పట్టుకుని గంతులేసుకుంటూ వచ్చాడు. ఆ ఏడు ఆవిడ కప్పులో కాఫీ అతని చొక్కా మీద పోసింది. కాయలు నిప్పుకణికలే కాశాయి.

మొన్సా పికేకి పేరొచ్చింది. కొండ మీంచి పట్నానికి జనాన్ని తిప్పే వ్యాను క్రెసెన్సియోది. అతనే ఆ సీసాలు తీసుకెళ్ళి పోన్సేలో పూటకూళ్ళ ఇళ్ళకి ఇచ్చి వచ్చేవాడు. కొత్తవాళ్ళెవరైనా వ్యాను ఎక్కితే ముందు ఈ మొగుడూ పెళ్ళాల కథే చెప్పేవాడు. ఏ ఏడు బెలార్మినో ఏం తిట్టాడన్నది కొండంతా తెలుసుకోవాల్సిందే. మొన్సా చెప్పేది, అందరూ పగలబడి నవ్వేవారు.

ముప్పై తొమ్మిదో ఏడు కాండెలారియా మర్నాడు బెలార్మినో మంచం దిగలేదు.

"నావల్ల కావట్లేదే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది" అన్నాడు.

మొన్సా చూసింది. నుదుటి మీద చెమట. ఓహో, నీళ్ళు కూడా జల్లుకున్నాడు అనుకుంది. ఈ ఏడు ఏమెత్తుకుంటాడా అని వారం నుంచీ చూస్తూనే ఉంది ఆవిడ. పాత నాటకమే మళ్ళీ తెచ్చాడని చిరాకేసింది. నాటే గోతులు తవ్విపెడతానని ముందురోజు మాటిచ్చాడు, అదీ చెయ్యలేదు. ఈ వయసులో గోతులు కూడా నేనే తవ్వుకోవాలా అని, నిజంగానే, ఆ పొద్దున ఒళ్ళు మండింది.

"అయితే అక్కడే పడి చావు" అంది. బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

గోతులు తవ్వుకుంది, నాటుకుంది. ఎండ ఎక్కింది. బుట్టలో ఏడు మొక్కలు మిగిలి ఉండగా వంటింటి వైపు నుంచి పిలుపు వినపడింది. "మొన్సా." ఒక్కసారే. గట్టిగా కూడా కాదు.

ఆవిడ తిరగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కట్టుబాటు. పైగా అతనే కదా పెట్టింది, పిలిచి తనని పరీక్ష చేస్తున్నాడు కాబోలు అనుకుంది. ఏడు మొక్కలూ నాటింది. ఒక్కోదానికీ మట్టి అదిమింది, నీళ్ళు పోసింది. అప్పుడు లేచి చేతులు పావడాకి తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

బెలార్మినో పొయ్యి దగ్గర పడి ఉన్నాడు. చేతిలో కాఫీ వడకట్టే గుడ్డసంచి ఉంది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి అడుగంటాయి. బల్ల మీద రెండు కప్పులు ఉన్నాయి. రెండూ ఖాళీయే.

అయ్యో, ఎలా చెప్పేది ఆవిడ గుండె ఏమైందో! బెలార్మినోకి గుండె ఆగిందన్నాడు డాక్టరు. నువ్వెక్కడున్నావని అడిగినవాళ్ళకి తోటలో ఉన్నానని చెప్పింది. అది అబద్ధం కాదు. పిలుపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. సాయం కోసం పిలిచాడా, కాఫీకి పిలిచాడా, ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలనిపించేది. శవం లేచేదాకా అదే, లేచాకా అదే. ఏడుపు రాలేదు. ఏడవడానికి తనకేం హక్కుందని లోపల్లోపల కుమిలిపోయింది.

ఆ ఏడు కాసిన కాయల కారం ఎవరూ ఎరగనిది. పోన్సేలో ఒక పెద్దమనిషి మూడు చుక్కలకే టోపీ తీసి విసురుకున్నాడట, ఇంకొకడు పందెం కాసి చెంచాడు తాగి ఆస్పత్రి మెట్లెక్కాడట. క్రెసెన్సియో ఈ కబుర్లన్నీ మోసుకొచ్చి వాకిట్లో నిలబడి చెప్పేవాడు.

"పోతూ పోతూ మా బెలార్మినో ఎంత పోట్లాట పెట్టాడమ్మా! ఇంతకీ ఏమని తిట్టాడు? చెప్పవేం?"

గుర్తులేదనేది మొన్సా. దుఃఖంలో ఉందిలే పాపం అనుకునేవారు. నెల తిరక్కుండా మళ్ళీ ఇంకెవరో అడిగేవారు. అడిగినవాళ్ళు మంచివాళ్ళే, చచ్చిపోయినవాణ్ణి ముచ్చటగా తలుచుకోవాలనే అడిగేవారు. వాళ్ళ ముచ్చటకి ఆవిడ ప్రాణం పోతుండేది.

వానలు లేని ఏడు మిరప ఇలాగే మండుతుందని దిగువింటి రైతొకడు అన్నాడు. మొన్సా ఆ మాట పట్టుకుని రెండు రోజులు బతికింది. మూడో రోజు అతని తోటలో కాయ కోసి కొరికి చూసింది. అదే ఎండ, అదే మట్టి. కాయ మాత్రం మామూలుగానే ఉంది.

తన బల్ల మీదకి మాత్రం ఆ ఏడు తన తోటలో కాసిన కాయని రానివ్వలేదు. బల్ల మధ్యన అంతకు ముందేటి సీసా ఉంది, బెలార్మినో చేత్తో మూత బిగించినది. అన్నం మీద ఒక్క చుక్క వేసుకునేది, దిగినంత మేరా వెనిగర్ పోసేది. మళ్ళీ చుక్క, మళ్ళీ వెనిగర్. లోపల కాయలు రంగు పోయి పాలిపోయాయి. కారం పోయింది, ఆ తర్వాత వాసన పోయింది. చివరికి మిగిలింది పుల్లటి నీళ్ళు. అయినా అడుగు కనపడనివ్వలేదు. ఆ చప్పటి కూడు గొంతు దిగక ఆవిడ సగం మనిషైంది.

బెలార్మినో అక్క అగ్రిపినా. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మొగుడు పోయి చాన్నాళ్ళైంది. కొండ దిగువన ఒక్కతే ఉంటుంది. ఆదివారం ప్రార్థన కాగానే భోజనానికి తమ్ముడింటికి రావడం ఆవిడకి అలవాటు, తమ్ముడు పోయినా మానలేదు. నోరు మహా పదును. సీసా ఎత్తి వెలుగులో చూసి, ఇది పికేనా, కాళ్ళు కడుక్కోను పెట్టావా అని అడిగింది ఒకరోజు. ఊరందరికీ నిప్పు పంచిపెట్టి ఇంటి మనిషికి ఈ కలి నీళ్ళా అంది. మొన్సా లేచి పళ్ళాలు తీసింది. అగ్రిపినా ఆ వెనకాలే చూస్తూ కూర్చుంది. ఇది తిండి తినడం లేదు, ఇలా అయితే దక్కదు అని ఆవిడకి భయం పట్టుకుంది.

మళ్ళీ కాండెలారియా దగ్గరపడింది. నారు పొయ్యకూడదనే అనుకుంది మొన్సా. కాని కడుపు ఊరుకుంటుందా? క్రెసెన్సియో సీసాల కోసం నాలుగుసార్లు వచ్చి అడిగాడు. ఆ మండిన కాయల గింజలు మాత్రం వాడలేదు. అంతకు ముందేటి గింజలు వెతికి తీసి, డబ్బాల్లో నారు పోసింది. అయినా ఎలా నాటాలో తెలియలేదు. మంటల పండగ రాత్రంతా, పొద్దున ఎవరూ గుమ్మానికి అడ్డం నిలబడరు కదా అనే అనుకుంటూ పడుకుంది.

తెల్లారి తలుపు తీస్తే గుమ్మానికి అడ్డంగా అగ్రిపినా నిలబడి ఉంది. కర్ర పోటేసుకుంటూ అంత కొండ ఎక్కి వచ్చింది. తమ్ముడి పని తను చేద్దామని వచ్చింది ఆ మనిషి, వేరే ఏమీ లేదు. దీనికి కాస్త ఒళ్ళు మండిస్తే నాలుగు కాయలు కాస్తాయి, నాలుగు మెతుకులు లోపలికి పోతాయి అనుకుంది.

ఇల్లు పందులదొడ్డిలా ఉందంది ముందు. అవును వదినా అంది మొన్సా. వంట చెయ్యడం నీకు ఏనాడూ చేతకాలేదంది. నిజమే వదినా అంది. మొన్సా వాళ్ళమ్మ పులుసు గురించి కూడా ఎత్తింది. మొన్సా మొహంలో ఒక్క గీత కదల్లేదు, బుట్ట పట్టుకుని అలాగే నిలబడింది. అగ్రిపినాకి ఆయాసం వచ్చింది. తిట్లలో తమ్ముడి నేర్పు తనకి లేదు. ఇంకేమీ తోచక, ఏ ఆడదైనా మండిపడే మాటేదో ఒకటి అనాలని, నోటికొచ్చింది అనేసింది.

"నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నావే నువ్వు."

మొన్సా చేతిలోంచి బుట్ట జారింది.

"అవును వదినా. నేనే" అంది.

ఆ తర్వాత ఆగలేదు. నుదుటి మీద చెమట, తను అన్న మాట, పిలుపు, ఏడు మొక్కలు, కాఫీ గుడ్డ, ఏడాదిగా ఎవరికీ చెప్పనిదంతా ఆ గుమ్మంలోనే చెప్పేసింది. "పిలిచాడు వదినా. విన్నాను. విని కూడా నాటుకుంటూ కూర్చున్నాను."

అగ్రిపినా కర్ర మీద రెండు చేతులూ పెట్టి మెట్టు మీద కూలబడింది. తోడబుట్టినవాడు కదా. ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడు. తిట్టవలసిన తిట్లన్నీ అప్పుడొచ్చి ఉంటాయి నోటిదాకా. మొన్సా వాటికోసమే నిలబడింది. ఒక్క తిట్టు తిడితే, ఒక్క దెబ్బ వేస్తే బావుండునని నిలబడింది. చివరికి అగ్రిపినా తలెత్తకుండానే, "నారు వడిలిపోతోంది, వెళ్ళి నాటు" అంది.

వెళ్ళింది. కోపం కాదు కదా, ఒంట్లో ఉప్పు కూడా లేదు. ఒక మొక్క పెట్టడం, వెనక్కి తిరిగి ఇంటికేసి చూడడం. ఇంకో మొక్క, మళ్ళీ చూడడం. కట్టుబాటు ఎప్పుడో గంగలో కలిసింది. మెట్టు మీద అగ్రిపినా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఒకసారి తిరిగి చూస్తే ఆవిడ లేదు.

అప్పుడు వంటింట్లోంచి వినపడింది.

"మొన్సా."

చేతిలో మొక్క ఎక్కడ పడేసిందో, బుట్ట ఎలా తన్నేసిందో తెలీదు. అరవై దగ్గరపడ్డ మనిషి, అప్పుడే నాటిన వరసల్ని తొక్కుకుంటూ పరిగెత్తింది. రాయి తగిలి పడింది, లేచింది, మళ్ళీ పరిగెత్తింది. వంటింటి ద్వారబంధం పట్టుకుని ఆగింది.

అగ్రిపినా పొయ్యి దగ్గర నిలబడి ఉంది, నిక్షేపంగా. చేతిలో కాఫీ గుడ్డ ఉంది.

"చక్కెర ఎక్కడ పెట్టావే?" అంది.

మొన్సా గూట్లోకి వేలు చూపించింది. అగ్రిపినా ఆ మట్టి చేతుల్ని చూసింది, మోకాలి మీద నెత్తురు చూసింది. తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది ఆవిడకి. పొయ్యివైపు తిరిగిపోయింది. కాఫీ వడకట్టి, చక్కెర కలిపి, రెండు కప్పుల్లో పోసి, ఒకటి మొన్సా ముందు పెట్టింది.

"వాడూ ఇందుకే పిలిచుంటాడు. చక్కెర డబ్బా కళ్ళెదురుగా ఉన్నా కనపడదు వాడికి, చిన్నప్పట్నుంచీ అంతే" అంది.

అది అబద్ధం. ముప్పై ఎనిమిదేళ్ళు ఏటా ఆ కాఫీ కాచినవాడు ఏనాడూ చక్కెర ఎక్కడని అడగలేదు. అబద్ధమని మొన్సాకి తెలుసు. మొన్సాకి తెలుసని అగ్రిపినాకీ తెలుసు. మొన్సా కాఫీ ఒక గుక్క తాగింది. తాగి, కప్పు పక్కనపెట్టి, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఏడాది ఏడుపంతా ఆ పూటే ఏడ్చింది. అగ్రిపినా ఓదార్చలేదు. ఎదురుగా కూర్చుని ఆవిడా ఏడ్చింది.

బుట్టలో మిగిలిన నారు మధ్యాహ్నానికి ఎండిపోయింది. తొక్కిన వరసల్లో సగం బతికాయి. ఎండాకాలానికి కాయలు కాశాయి, ఎర్రగా, నిండుగా, చూడ్డానికి ముచ్చటగా. మొన్సా పాత సీసాని పెరట్లో వంపేసింది. అడుగు కనపడింది. కొత్త కాయలతో నింపి, ఎండలో పెట్టి, బల్ల మధ్యకి తెచ్చింది. అన్నం మీద, చిక్కుళ్ళ మీద ధారగా పోసుకుని తింది. నాలిక చురుక్కుమనలేదు. ఆదివారం అగ్రిపినా కూడా పోసుకుంది. బావుందనలేదు, బాలేదనీ అనలేదు.

నెల తిరక్కుండా క్రెసెన్సియో సీసాలన్నీ వ్యానులో వెనక్కి తెచ్చాడు. పోన్సేలో ఎంత పోసుకున్నా ఒక్కళ్ళకీ కారం తగల్లేదట. సీసాలు అరుగు మీద దించి, టోపీ తీసి, ఎలా అడగాలో తెలియక కాసేపు తచ్చాడాడు.

"ఏమైందమ్మా ఈ ఏడు? చంటిపిల్లలకి పెట్టచ్చు ఇది. ఒళ్ళు మండకుండానే నాటేశావా?"

మొన్సా సీసాలు ఒక్కొక్కటే లోపలికి చేరేస్తోంది.

"ఈ ఏడు మధ్యలో పిలిచారు నాయనా. వెళ్ళిపోయాను" అంది.

క్రెసెన్సియోకి ఏమీ అర్థం కాలేదు. మిగిలిన సీసాలు తనే ఎత్తి లోపల పెట్టి, వ్యాను తిప్పుకుని కొండ దిగిపోయాడు.